బొట్టు పెట్టిన మిషనుకు సుంకం

నా బతుకులో నన్ను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కోరుట్లలో దర్జీ దుకాణం పెట్టినప్పుడు గిరాకీలు పట్టించుకోలేదు, అప్పు అడిగితే బ్యాంకు పట్టించుకోలేదు. చివరికి దుకాణం ముందు పడుకునే కుక్క కూడా ఎదురుగా మిర్చిబండి రాగానే అటు మారిపోయింది. అలాంటి నన్ను ఏ దేశం నుంచి వస్తున్నావు, ఏం తెచ్చావు, ఎంతకు కొన్నావు, ఎవరి కోసం కొన్నావు అని ఇంత ఓపికగా అడిగి తెలుసుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన విమానాశ్రయంలో తెల్లచొక్కా వేసుకుని కూర్చున్న కస్టమ్స్ అధికారి. నా పేరు పాస్‌పోర్టులో చూసి రెండుసార్లు స్పష్టంగా పలికాడు. అంతకుముందు నన్ను పూర్తి పేరుతో పిలిచింది బడిలో హాజరు తీసుకున్న పంతులు ఒక్కడే.

నేను తెచ్చింది బంగారం అనుకునేరు. బంగారం తెచ్చేవాళ్ళకు వేరే తెలివితేటలు ఉంటాయి. నేను తెచ్చింది బట్టల అంచులు అల్లుకుపోయేలా కుట్టే ఓవర్‌లాక్ మిషను. అదీ మొత్తం కాదు, తల ఒక్కటే. బల్ల, మోటరు ఇక్కడ కొనుక్కోవచ్చని తల మాత్రం తెచ్చాను. పాతిక కిలోలకు పైగా ఉండే ఆ ఇనుప ముద్ద కోసం నా బట్టలన్నీ షార్జాలోనే వదిలేసి, చుట్టాలకిచ్చే సామాను ఒక్క అట్టపెట్టెలో కుక్కి, మూడు అంగీలు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని విమానం ఎక్కాను.

షార్జాకు ఎందుకు వెళ్ళానంటే, కోరుట్లలో జనం అంగీలు కుట్టించుకోవడం మానేశారు కాబట్టి. కొలతలు ఇచ్చి వారం రోజులు తిరిగే బదులు కవర్లో మడతపెట్టి ఉన్నది కొనుక్కుంటే సుఖమని అందరికీ ఒకేసారి జ్ఞానోదయమైంది. నేను దుకాణానికి తాళం వేసి వీసా కొనుక్కున్నాను. మా దిక్కు వీసాల్లో కాగితం మీద ఒక పని ఉంటుంది, చేసేది ఇంకో పని. మా గదిలో మొత్తం ఎనిమిది మందిమి. రాయికల్ నుంచి వచ్చినాయన కాగితం మీద తోటమాలి. ఆయన అక్కడ ఒక్క మొక్కను కూడా చూడలేదు, పొద్దంతా సిమెంటు బస్తాలు మోసేవాడు. నేను కాగితం మీద క్లీనర్ని. పని మాత్రం కుట్టు కార్ఖానాలో, లంగాలకు, నైటీలకు అంచులు కుట్టడం.

ఇక మిషను ఎందుకంటే, మా అక్క కోసం.

మాకు అమ్మ లేదు. నాయిన తాళ్ళెక్కేవాడు. ఒకనాడు తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. అప్పటి నుంచి నాకు అన్నీ అక్కే. బీడీలు చుట్టి నన్ను సాకింది, బీడీలు చుట్టే నన్ను దర్జీ పనిలో పెట్టింది. తర్వాత సిరిసిల్లకు పెళ్ళి చేసుకుని వెళ్ళింది. బావ అక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఒక ఏడాది యజమాని ఆ సాంచాలను విప్పించి పాత ఇనుము కింద తూకానికి అమ్ముకున్నాడు. బావ భివండీ వెళ్ళాడు. అక్కడా సాంచాలే, అక్కడా అదే చప్పుడు, ఇల్లు మాత్రమే ఉండదు. అక్క ఐదో తరగతి చదివే కూతురిని పెట్టుకుని సిరిసిల్లలో మళ్ళీ బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

ఒక శుక్రవారం నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, ఆ ఏజెంటు మల్ల అచ్చిండు. కువైట్ల ఇంటి పనికట. టికెట్ వాల్లదేనట. పోయేముందు చేతిల కొన్ని పైసలు గూడ వెడ్తరట."

"పోతవా అక్కా?"

"పోవాలని ఎవలకుంటదిరా? పొల్లను ఇడిశి ఎట్ల పోవుడు? లంగాలు కుట్టిచ్చే సేటును అడిగిన. ఉత్త కుట్టుమిషినోల్లు మస్తుమంది ఉన్నరట. ఇంట్ల ఓవర్‌లాక్ మిషిని ఉంటే రోజు మాల్ ఇస్త అన్నడు. గది నా తాన యాడుంది?"

"నువ్వు ఆనికి పాస్‌పోట్ ఇయ్యకు. మిషిని నేను తెస్త."

"నిజంగనారా?"

"నిజంగనే. రెండు నెలలు ఆగు, నా వీసా గూడ అయిపోతది."

ఆ మాట చెప్పాక నాకు ఎంత గర్వం కలిగిందంటే ఆ పూట భోజనం కూడా మర్చిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పైసలే అక్కకు పంపి ఉంటే హైదరాబాద్‌లో కొనుక్కుని ఆ వారమే పని మొదలుపెట్టేది. ఆ మాట నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేవాణ్ణి కాదు. గల్ఫ్ నుంచి వచ్చేవాడు వస్తువు తేవాలి, దాన్ని అందరూ చూడాలి. పైసలు పంపి ఊరుకుంటే అదేం గల్ఫ్?

మిషను కొని గదికి తెచ్చిన రోజు, సలహాలు చెప్పడానికి మా గదిలోని పెద్దమనిషి ముందుకొచ్చాడు. సారంగాపూర్ ఆయన. పదిహేనేళ్ళలో ఆరుసార్లు ఇంటికి వెళ్ళొచ్చాడు. ఆరుసార్లూ దుప్పట్లు, సబ్బులు తప్ప ఇంకేమీ తీసుకెళ్ళలేదు కాబట్టి కస్టమ్స్ గురించి ఆయనకు తెలియని విషయం లేదు.

"కొత్తదని తెలిస్తె పన్ను గుంజుతరు. పాతదాని లెక్క జెయ్యి" అన్నాడు. "గరుకు కాయిదం వెట్టి రుద్దు. రంగు వోవాలె. ఇగ నీ పనేందని అడిగితే దర్జీ అనకు. దర్జీ అంటివా, అమ్ముకునేటందుకు తెచ్చిండనుకుంటరు. పాస్‌పోట్ల ఏమున్నదో గదే చెప్పు."

గంటసేపు రుద్దాను. నిగనిగలాడే కొత్త మిషనును నా చేతులతో నేనే గీకి గీకి పాడుచేశాను. అంచుల్లో రంగు లేచిపోయింది, అక్కడక్కడా గీతలు పడ్డాయి. నేను మూడేళ్ళు పనిచేసిన కార్ఖానాలోని మిషన్లకన్నా అదే పాతగా కనిపించింది. పెద్దమనిషి చుట్టూ తిరిగి చూసి ఇది పరీక్ష పాసయిందన్నట్టు తలూపాడు.

తరువాత అదే చేతులతో దానికి పూజ చేశాను.

అక్క ఇంట్లో కాలుపెట్టబోయే మొదటి మిషను కదా. పూజ లేకుండా ఎలా పంపుతాం? రాయికల్ ఆయన పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చాడు. మిషను నుదుటికి, అంటే మోటరు బెల్టు తగిలే చక్రం పైభాగానికి, పసుపు రాసి పెద్ద బొట్టు పెట్టాను. నాలుగు పక్కలా నాలుగు బొట్లు. అక్షింతలు చల్లాను. అగరుబత్తి వెలిగించి ఎనిమిది మందిమీ చుట్టూ నిలబడి దండం పెట్టుకున్నాం. అందులో కస్టమ్స్ పండితుడు కూడా ఉన్నాడు. పాతదని చెప్పబోయే మిషనుకు కొత్త మిషను పూజ చేస్తున్నామే అని ఎనిమిది బుర్రల్లో ఒక్కదానికి కూడా తోచలేదు. అందరం ప్రసాదం తిన్నాం.

హైదరాబాద్ విమానాశ్రయంలో సామాను యంత్రంలోంచి వచ్చాక నా మూట మీద సుద్దముక్కతో ఒక గీత గీసి ఉంది. అది అలంకారం అనుకున్నాను. ఆ గీత చూసే నన్ను పక్కకు పిలిచారు.

"ఏముంది ఇందులో?" అన్నాడు అధికారి.

"మిషిని సార్. పాతది."

"నేను పాతదా కొత్తదా అని అడగలేదే. ఎన్నేళ్ళు వాడావు?"

"మూడేండ్లు సార్."

ఆయన దుప్పటి విప్పాడు. ఐదు కుంకుమ బొట్లు ఆయన వైపు చూశాయి. చక్రం సందులో ఇంకా అక్షింతలు ఉన్నాయి. ఆయన వంగి వాసన చూశాడు. అగరుబత్తి వాసన దుప్పటికి పట్టేసి ఉంది.

"మూడేళ్ళు వాడిన మిషనుకు నిన్న పూజ చేశావా?"

"దసరకు జేస్తం సార్. పనిముట్లకు."

ఆయన గోడమీది క్యాలెండర్ వైపు చూశాడు. నేనూ చూశాను. నడి ఎండాకాలం.

"మీ ఊళ్ళో దసరా మామిడికాయలతో పాటు వస్తుందా?" అన్నాడు. తర్వాత వేలితో గీతలు తడిమాడు. "గరుకు కాగితంతో బాగానే కష్టపడ్డావు. సూదికి మాత్రం ఫ్యాక్టరీలో పూసిన నూనె అలాగే ఉంది. దీనిమీద ఒక్క కుట్టు కూడా పడలేదు."

నేను తల దించుకున్నాను. ఆయనకు జాలి వేసినట్టుంది, గొంతు తగ్గించాడు.

"చూడు, బయట పనిచేసుకుని వచ్చేవాళ్ళు తమ చేతిపని సామాను తెచ్చుకుంటే కొంత సడలింపు ఉంటుంది. దానికి వీలవుతుందేమో చూస్తాను. అక్కడ నువ్వు ఏం పని చేసేవాడివి?"

అది దేవుడు నాకోసం తెరిచిన తలుపు. నిజం చెప్తే చాలు. కానీ నేను మంచి శిష్యుణ్ణి, నేర్పిన పాఠం మరిచేవాణ్ణి కాదు. ఛాతీ విరిచి, "క్లీనర్ సార్" అన్నాను.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు.

"క్లీనర్‌కు ఓవర్‌లాక్ మిషను ఎందుకయ్యా? చీపురు తెచ్చుకుని ఉంటే ఇప్పుడే వదిలేసేవాణ్ణి."

"కాద్సార్, కాద్సార్, నేను దర్జీనే. మా అక్క కోసం తెచ్చిన."

"ఇందాక పాతదన్నావు. తర్వాత దసరా అన్నావు. తర్వాత క్లీనర్ అన్నావు. ఇప్పుడు దర్జీనంటున్నావు." పాస్‌పోర్టు తెరిచి వీసా పేజీ నా ముందు పెట్టాడు. అక్కడ నేను క్లీనర్నే. నా జీవితంలో నా గురించి రాసి ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ కాగితం నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. ఆయన తప్పేమీ లేదు. ఆ కుర్చీలో నేను కూర్చుని ఉన్నా నన్ను నమ్మేవాణ్ణి కాదు.

సుంకం లెక్క చెప్పాడు. మిషను ధరలో మూడోవంతుకు పైనే. ఇప్పుడు కడితే ఇప్పుడే తీసుకెళ్ళొచ్చు. లేదంటే ఇక్కడ వదిలి రసీదు తీసుకుని, గడువులోగా వచ్చి కట్టి విడిపించుకోవచ్చు. అప్పటిదాకా రోజుకింత అని గోదాము కిరాయి పడుతుంది. గడువు దాటితే వేలం. నా జేబులో ఊరికి వెళ్ళడానికి సరిపడా చిల్లర ఉంది. రసీదు తీసుకున్నాను. నేను వెళ్ళబోతుంటే ఆయన ఒక మాట అడిగాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఇదే మిషను సికింద్రాబాద్‌లో దొరుకుతుంది కదయ్యా. ఇంత దూరం నుంచి మోసుకొచ్చావెందుకు?"

బయట నాకోసం ఊరి నుంచి జీపు వచ్చింది. అందులో తొమ్మిది మంది. నన్ను చూడటానికి కాదని నాకు తెలుసు. వాళ్ళ కళ్ళు నా వెనక వస్తున్న అట్టపెట్టె మీద ఉన్నాయి.

విమానాశ్రయంలో ఉన్నది చిన్న కస్టమ్స్. పెద్ద కస్టమ్స్ మా ఊళ్ళో ఉంది, మేడిపల్లి దాటాక. అక్కడ సడలింపులు లేవు, గడువు లేదు, రసీదు అసలే లేదు. మా చిన్నమ్మ ఇంటి ముందు గచ్చుమీద పెట్టె తెరిచారు. చిన్నమ్మ అంటే మా చిన్నాయిన భార్య, నేను ఊరికి వస్తే దిగేది వాళ్ళింట్లోనే. ఆమె దుప్పటిని చేత్తో తూచి, "గింత పల్సగున్నదేందిరా?" అంది. మామ వరసయ్యే ఒకాయన అత్తరు సీసా మూత తీసి వాసన చూసి, "పక్కింటోడు పోయినసారి తెచ్చింది గింతకన్న మంచిగుండె" అని జేబులో వేసుకున్నాడు. మంచిగా లేనిదాన్ని జేబులో ఎందుకు వేసుకున్నాడో నేను అడగలేదు. పాలపొడి డబ్బాలు, గోళ్ళకత్తెరలు, టార్చిలైట్లు, నొప్పుల మందు డబ్బీలు, అన్నీ ఒక గంటలో సుంకం కింద పోయాయి. నేను చేతికి పెట్టుకున్న గడియారం ఒక బావమరిది వరస కుర్రాడికి నచ్చింది. అదీ పోయింది. మూడు అంగీల్లో పైనున్నది కూడా పోయింది.

మరుసటి రోజు నుంచి అప్పు కోసం తిరిగాను. మొదట చిన్నమ్మనే అడిగాను. ఆమె నవ్వింది.

"గల్ఫ్ నుంచచ్చినోనివి. నువ్వు మాకియ్యాలె గని మా తాన అడుగుతవేందిరా?"

ఆ మాటే కొద్ది కొద్ది మార్పులతో ఊరంతా విన్నాను. రాయికల్‌లో ఒక చుట్టం సంతలో నన్ను చూసి దూరం నుంచే చెయ్యి ఊపి, పక్క సందులోకి తిరిగిపోయాడు. కోరుట్లలో వడ్డీకి ఇచ్చే ఆయన బంగారం ఉందా అన్నాడు. లేదన్నాను. గల్ఫ్ నుంచి బంగారం లేకుండా ఎందుకొచ్చావన్నాడు. మంచి ప్రశ్నే. చివరికి జగిత్యాలలో కచేరీ ముందు చెట్టుకింద అర్జీలు రాసే ఆయన దగ్గరికి వెళ్ళాను. గౌరవనీయులైన కస్టమ్స్ వారి పాదాలకు నమస్కరించి వ్రాయునది ఏమనగా అంటూ, మా అక్క విధవ అని, నేను గుడ్డివాణ్ణని రాశాడు. "గట్ల రాస్తెనే పనైతది" అన్నాడు. బావ భివండీలో బతికే ఉన్నాడని, నాకు రెండు కళ్ళూ కనిపిస్తాయని చెప్తే నొచ్చుకున్నాడు. అప్పటికే అబద్ధాల వల్ల ఒకసారి నష్టపోయినవాణ్ణి కదా, నిజమైన అర్జీ రాయించుకుని పంపాను. జవాబు రాలేదు.

అక్కకు మాత్రం ఫోన్లో చెప్తూనే ఉన్నాను. వారంలో వస్తుంది, పది రోజుల్లో వస్తుంది అని. ఒకరోజు ఆమే కూతురిని తీసుకుని బస్సెక్కి వచ్చింది. ఏ ఉపోద్ఘాతమూ లేకుండా రసీదు చూపించమంది. అక్క ఏడో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

"గడువు దాటితే ఏంజేస్తరు?"

"ఏలం ఏస్తరు."

"నీకేమన్న ఇస్తరా?"

"ఏమియ్యరు."

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. రసీదు మడత ఎలా ఉందో అలాగే మడిచి నా జేబులో పెట్టి, "కండ్లు లోపటికి వోయినయిరా నీకు. తింటలెవ్వా?" అంది.

పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి కొంగున ముడివేసిన పైసలు తెచ్చింది. అన్నీ కొత్త నోట్లు.

"చిట్టి ఎత్తిన. పో, ఇడిపిచ్చుకరా."

"ఏం చిట్టి అక్కా?"

"బీడీలు జేసేటోల్లం అందరం కలిసి ఏసుకున్నం. నీకెందుకు గవన్ని? గడువు దాటకముందు పోరాదురా."

బీడీలు చుట్టేవాళ్ళ చిట్టీలో ఒకేసారి అన్ని కొత్త నోట్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ ప్రశ్న నాకు రాలేదు. రాలేదనడం కూడా అబద్ధమే. వచ్చింది, నేను దాన్ని లోపలికి రానివ్వలేదు. నమ్మితే నాకు సుఖం, అందుకని నమ్మాను.

విమానాశ్రయం గోదాములో సుంకం, కిరాయి అన్నీ కట్టాను. ఒక మనిషి మిషను తెచ్చి నా ముందు పెట్టాడు. దుమ్ము పట్టింది గాని బొట్లు చెక్కుచెదరలేదు. నేరానికి సాక్ష్యాన్ని ఇంత భద్రంగా కాపాడినందుకు మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను. బల్ల, మోటరు సెకండ్‌హ్యాండ్‌లో కొనడానికి సికింద్రాబాద్ వెళ్తే, ఆ దుకాణంలో అచ్చం నా మిషను తలలాంటివే వరసగా ఆరు ఉన్నాయి. ధర అడిగాను. అడగకుండా ఉండాల్సింది. షార్జాలో నేను పెట్టినదానికన్నా కాస్త తక్కువే చెప్పాడు. సిరిసిల్ల బస్సులో కండక్టర్ సామాను చూసి దానికీ టికెట్ కొట్టాడు. మనిషికన్నా దానికే ఎక్కువయింది. అడిగినంతా ఇచ్చాను. అప్పటికి నాకు ఎవరు చెయ్యి చాపినా ఇవ్వడం అలవాటైపోయింది.

సిరిసిల్లలో అక్క ఇంటి ముందరి గదిలో మిషను బిగించాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి చూశారు. గీతలు చూసి ఒకామె, "దుబాయ్‌ది గూడ గింత పాతదిస్తరా?" అంది. నాలుగు దారాలు ఎలా ఎక్కించాలో, చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, లోపలి కొక్కాల్లోకి దారం ఎలా లాగాలో అక్కకు చూపించాను. మామూలుగా కొత్తవాళ్ళకు రెండు రోజులు పడుతుంది. అక్కకు అరపూట చాలింది. మోటరు వేసి కాలు నొక్కగానే గుడ్డ పరుగెత్తింది, ఆమె ఉలిక్కిపడి నవ్వింది. అక్క అలా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో. నా మూడేళ్ళూ, గరుకు కాగితమూ, క్లీనర్ మాటా, అన్నీ ఆ నవ్వుకు చెల్లయిపోయాయనిపించింది.

ముందు ఒక నైటీ తెచ్చి అంచు కుట్టింది. తర్వాత ఇంకో నైటీ. తర్వాత సాంచాల దగ్గర ముక్కగా కొన్న గుడ్డతో చేసిన రెండు దుప్పట్లు. లంగాల సేటు మాల్ రాకముందు ఇంట్లో గుడ్డల మీద చెయ్యి అలవాటు చేసుకుంటోంది అనుకున్నాను. కింద కూర్చుని తెగిన దారాలు ఏరుతున్న మేనకోడలు తలెత్తి అడిగింది.

"అమ్మా, గీ దుప్పటి గూడ కువైట్ బ్యాగులనే పెట్టాల్నా?"

అక్క కాలు ఆగింది. మోటరు మాత్రం గుర్రుమంటూనే ఉంది.

"ఏం బ్యాగు?" అన్నాను.

అక్క దుప్పటి సూది కింద నుంచి తీసి, దారం పంటితో కొరికి, మడతపెట్టింది. "బేస్తారం నాడు పోతున్నరా" అంది.

చిట్టీ లేదు, ఏమీ లేదు. ఏజెంటు పోయేముందు చేతిలో పెడతానన్న పైసలవి. పాస్‌పోర్టు వాడికిచ్చి, ఆ నోట్లు తెచ్చి నాకిచ్చింది. ఏ పని ఆపడానికి మిషను తెచ్చానో, ఆ పని ఒప్పుకునే మిషనును విడిపించింది. నేను వెళ్ళి కౌంటర్లో కట్టి, రసీదు మీద సంతకం పెట్టి వచ్చింది అక్క కువైట్‌లో చెయ్యాల్సిన రెండేళ్ళు.

"నువ్వు పోవద్దనే గద నేను తెచ్చింది! వాని పైసలు వానికి పారేద్దం."

"ఏం వెట్టి పారేస్తవు?"

"మిషిని అమ్ముదం."

"గీతలు వడ్డదాన్ని ఎవడు కొంటడురా? కొన్నా, కట్టిన పన్ను వాపసస్తదా? వీసా గూడ వడ్డది." ఆమె గొంతు పెంచలేదు. "సూడు. మిషిని వోతే నువ్వేంజేస్తవు? మల్ల వీసా కొనుక్కొని పోతవు. మూడేండ్లకే ముప్పై ఏండ్ల మనిషివి నలభై లెక్క అయినవు. ఇద్దర్ల ఒకలు పోవుడే ఉన్నప్పుడు నేను వోత. సేటుకు చెప్పిన, మాల్ నీకిస్తడు. నువ్వు ఈన్నే ఉండు. పొల్లను బడికి పంపు."

నేను ఏడ్చాను. మేనకోడలు చూస్తోందని కూడా సిగ్గుపడలేదు. అక్క ఏడవలేదు, మిగిలిన దుప్పటి అంచు కుట్టింది. కుట్టు వంకర పోకుండా తిన్నగా వచ్చింది.

గురువారం ఆమెను ఏజెంటు జీపు ఎక్కించి వచ్చాం. శుక్రవారం లంగాల సేటు మనిషి మాల్ దించిపోయాడు. నేను మిషను ముందు కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. మేనకోడలు బడి నుంచి వచ్చి, బట్టలు మార్చుకోకుండానే పక్కన కూర్చుని దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది. ఒక పది లంగాలయ్యాక అడిగింది.

"మామా, మిషినిని పైసలు గట్టి ఇడిపిచ్చుకచ్చినవు గద. అమ్మను ఇడిపియ్యాలంటె ఏడ గట్టాలె?"

నేను పెడల్ మీంచి కాలు తీశాను. దారం తెగిందని ఆమెకు అబద్ధం చెప్పి, మిషను మీదికి వంగి, తెగని దారాన్నే మళ్ళీ మళ్ళీ సూదిలోకి ఎక్కిస్తూ కూర్చున్నాను.